నేమియర్‌ను ఎక్కడివరకు వెంట తీసుకువెళ్ళాలి

మద్రాసు శాసనమండలిలో 1920 నుంచి 1937 వరకు కూర్చున్న తెలుగు సభ్యుల మీద పరిశోధన మొదలుపెట్టబోతున్నారని, మీ పర్యవేక్షకులు ముందుగా లూయిస్ నేమియర్‌ను చదవమన్నారని రాశారు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు పార్లమెంటు మీద పనిచేసిన ఆ చరిత్రకారుడు మన జిల్లాల రాజకీయాలకు ఎలా పనికివస్తారో మీకు బోధపడలేదు. పైగా ఆయన పేరు ఎత్తగానే మరో ఆచార్యులు మొహం చిట్లించారు. అసలు ఆయన ఎవరు, ఆయన మీద ఇంత వివాదం ఎందుకు, మీ పనికి ఆయన పద్ధతిని వాడవచ్చా, అన్నవి మీ మూడు ప్రశ్నలు. నేను ముప్పై ఏళ్ళకు పైగా విద్యార్థులకు ఇంగ్లండు చరిత్ర చెప్పాను, నేమియర్‌ను మొదట ఆరాధించాను, తరువాత కొంతకాలం దూరం పెట్టాను, ఇప్పుడు మళ్ళీ దగ్గరకు తీసుకున్నాను. అందువల్ల కొంత వివరంగానే చెబుతాను. ఆయన జీవితం తెలియకుండా ఆయన పద్ధతి తెలియదు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

ఇంగ్లీషు భూస్వామ్య కుటుంబాల గురించి ఇంగ్లీషువాళ్ళకే తెలియనన్ని సంగతులు తెలిసిన ఈ మనిషి ఇంగ్లండులో పుట్టలేదు. 1888 జూన్‌లో, రష్యా సామ్రాజ్యం కింద ఉన్న పోలండు భాగంలో పుట్టారు. పుట్టినప్పటి పేరు లుద్విక్ బెర్న్‌స్టైన్ నీమిరోవ్‌స్కీ. పూర్వులు యూదులు, కుటుంబం కథోలిక మతం పుచ్చుకుంది. తండ్రి భూములున్నవాడు, పోలిష్ ప్రభువర్గంలో ఒకడిగా బతకాలని కోరుకున్నవాడు. పిల్లవాడు పెరిగింది తూర్పు గలీషియాలో. అది అప్పుడు ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. దివాణంలో పోలిష్, పొలాల్లో ఉక్రేనియన్, ప్రభుత్వ కచేరీల్లో పై రాజ్యపు పాలన, ఊరి అంగడిలో యూదుల మాట. ఇన్నింటి మధ్య తాను ఎవరికి చెందినవాడో తేలకుండా పెరిగిన పిల్లవాడతను. పోలిష్ ప్రభువులు ఆ కుటుంబాన్ని తమవాళ్ళుగా ఎన్నడూ మనస్ఫూర్తిగా అంగీకరించలేదు, రైతులకు వాళ్ళు దొరలు, యూదులకు మతం వదిలినవాళ్ళు. మనిషి చెప్పుకునే మాటకూ అతను నిలబడిన నేలకూ మధ్య ఎంత దూరం ఉండగలదో ఆయన పుస్తకాల వల్ల కాక ఇంట్లోనే నేర్చుకున్నారని నా అభిప్రాయం.

ల్వీవ్‌లోనూ లొజాన్‌లోనూ కొద్దికాలం చదివి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్ మీదుగా 1908లో ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియల్ కళాశాలలో చేరారు. 1911లో ఆధునిక చరిత్రలో ప్రథమ శ్రేణి సాధించారు. అదే సంవత్సరం ఆల్ సోల్స్ కళాశాల ఫెలోషిప్‌కు పోటీ పడితే, మేధలో అందరికంటే ముందున్నవాడని పరీక్షించినవారిలో కొందరు ఒప్పుకొన్నా, యూదు పుట్టుక అడ్డువచ్చింది. 1913లో బ్రిటిష్ పౌరసత్వం తీసుకొని నేమియర్ అన్న పేరు పెట్టుకున్నారు. యుద్ధం రాగానే సైన్యంలో మామూలు సిపాయిగా చేరారు. కంటిచూపు బాగాలేక వెనక్కు పంపితే ప్రభుత్వ ప్రచార విభాగంలోనూ, 1918 నుంచి 1920 వరకు విదేశాంగశాఖ రాజకీయ సమాచార విభాగంలోనూ పనిచేశారు. కొత్త పోలండు సరిహద్దులు ఎక్కడ గీయాలన్న వాదంలో ఆయన ఉక్రేనియన్ల పక్షాన మాట్లాడినందుకు పోలిష్ జాతీయవాదులు ఆయనను శత్రువుగా చూశారు. 1922లో తండ్రి చనిపోయినప్పుడు ఆస్తి కూతురికి రాసి, కొడుకుకు భూమి లేకుండా చేశాడు. ఇంగ్లండులో ఎకరాలతో, వంశాలతో, వారసత్వంతో నిలిచిన కుటుంబాల మీద ఆయన చూపిన మక్కువను చదివినప్పుడల్లా నాకు ఈ వీలునామా గుర్తుకువస్తుంది.

ఆ తరువాతి కొన్నేళ్ళు నిలకడలేనివి. బేలియల్‌లో కొద్దికాలం పాఠాలు చెప్పారు, మధ్య ఐరోపాలో వ్యాపారం చేశారు, పత్రికలకు రాశారు, వియన్నాలో మనోవిశ్లేషణ చేయించుకున్నారు. 1924 నుంచి ఉద్యోగం లేకుండా, కొంత సొమ్ము కూడబెట్టుకొని, కొంత స్నేహితుల దగ్గర తెచ్చుకొని, బ్రిటిష్ మ్యూజియం చేతిరాత పత్రాల గదిలో కూర్చున్నారు. ఆయన ముందున్నవి న్యూకాసిల్ డ్యూక్ పత్రాలు. దశాబ్దాల పాటు మంత్రిగా, కొంతకాలం ప్రధానిగా ఉన్న ఈ డ్యూక్ తనకు వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ, తాను రాసిన ప్రతి చిత్తుప్రతినీ దాచుకున్నాడు. అవి వందల సంపుటాలు. ఏ నియోజకవర్గంలో ఎవరి మాట చెల్లుతుంది, ఎవరి తమ్ముడికి సైన్యంలో పదవి కావాలి, ఏ పాస్టరు ఏ చర్చికి మారాలనుకుంటున్నాడు, ఎవరికి పింఛను ఆగిపోయింది, ఇవీ ఆ ఉత్తరాల నిండా. మునుపటి చరిత్రకారులు ఇలాంటి సంగతులను చెత్తగా పక్కన పెట్టి, పార్లమెంటు ఉపన్యాసాలను చరిత్రగా రాశారు. నేమియర్ ఆ చెత్తనే పోగుచేశారు.

అప్పటిదాకా బ్రిటన్‌లో పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చిన కథ ఒకటుంది. 1760లో గద్దెనెక్కిన మూడో జార్జి, రాజుల పాత పెత్తనాన్ని తిరిగి తేవాలని కుట్ర పన్నాడనీ, డబ్బు చల్లి పార్లమెంటును కొన్నాడనీ, స్వాతంత్ర్యాన్ని కాపాడిన విగ్ పార్టీని పక్కకు నెట్టాడనీ ఆ కథ. 1770లో ఎడ్మండ్ బర్క్ రాసిన కరపత్రం దీనికి పెద్ద ఊతం, పంతొమ్మిదో శతాబ్దపు ఉదారవాద చరిత్రకారులు దాన్ని పెంచి పోషించారు. 1929లో రెండు సంపుటాలుగా వచ్చిన నేమియర్ గ్రంథం, మూడో జార్జి పట్టాభిషేకం నాటి రాజకీయ నిర్మాణం గురించినది, ఈ కథను వేళ్ళతో పెకలించింది. ఆయన అడిగిన ప్రశ్న చాలా మామూలుగా కనిపిస్తుంది. పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలో 558 మంది ఉన్నారు కదా, వీళ్ళు ఎవరు, ఎందుకు వచ్చారు? సమాధానం కోసం ఆయన ఒక్కొక్కరి పుట్టుక, పెళ్ళి, భూమి, వ్యాపారం, అప్పు, బంధుత్వం వెతికారు. కొందరు తాతల నాటి నుంచి జిల్లా పెద్దరికంగా వచ్చారు. కొందరికి సైన్యంలో, నౌకాదళంలో పైకి పోవడానికి ఇది మెట్టు. వర్తకులకు ప్రభుత్వ కాంట్రాక్టులు కావాలి. లాయర్లకు జడ్జి పదవులు కావాలి. సభ్యుడిగా ఉన్నంతకాలం అప్పులవాళ్ళు అరెస్టు చేయించలేరు కనుక వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. విగ్, టోరీ అన్న రెండు పార్టీల పేర్లతో ఈ సభను రెండుగా చీల్చి చూడడం కుదరదనీ, ప్రభుత్వ పదవులమీద బతికేవాళ్ళు ఒక వైపు, ఎవరికీ లొంగని గ్రామీణ భూస్వాములు ఒక వైపు, నాయకుల చుట్టూ తిరిగే చిన్న ముఠాలు ఒక వైపు ఉన్నాయనీ చూపారు. రహస్య నిధి లెక్కల అధ్యాయం నాకు అన్నిటికంటే ఇష్టం. పార్లమెంటును కొన్నదని అందరూ నమ్మిన ఆ నిధి లెక్కపుస్తకం తెరిచి చూస్తే, మొత్తం చిన్నది, అందులో చాలా భాగం చితికిపోయిన ప్రభువులకు, ఆసరా లేని ఆశ్రితులకు ఇచ్చిన పింఛన్లు. లంచంకంటే దానం అన్నమాటే దానికి దగ్గర. మరుసటి సంవత్సరం 1930లో అమెరికా విప్లవకాలపు ఇంగ్లండు మీద ఇంకో గ్రంథం తెచ్చారు, కాని అది 1762 దాటలేదు. ఆ తరువాతి సంపుటాలు రాయాలనుకొని రాయలేకపోయారు.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. ఈ పద్ధతి ఎంత పదునైనదో అందులో తెలుస్తుంది, మన నేలతో దానికున్న ముడి కూడా తెలుస్తుంది. రాబర్ట్ క్లైవ్‌ను తీసుకోండి. నేమియర్ బృందం అలవాటు చేసిన జీవితచిత్రణ ఎప్పుడూ ఒకే వరుసలో మొదలవుతుంది. 1725 సెప్టెంబరులో పుట్టాడు, రిచర్డ్ క్లైవ్ పెద్ద కొడుకు, తల్లి మాంచెస్టర్‌కు చెందిన నథానియేల్ గాస్కెల్ కూతురు రెబెకా, పెళ్ళి 1753లో మద్రాసులో మార్గరెట్ మాస్కెలీన్‌తో. పొడిగా ఉంది, కదా? కాని ఇక్కడినుంచి చూడండి. మద్రాసులో కొంత డబ్బు గడించి ఇంటికి వెళ్ళిన ఆ యువకుడు 1754లో కార్న్‌వాల్ మూలన మిచెల్ అనే నియోజకవర్గం నుంచి పోటీ చేశాడు. అక్కడ ఓటర్లు వంద మంది కూడా లేరు. కార్న్‌వాల్ జిల్లా ఒక్కదానికే 44 స్థానాలుండేవి, కనుక పెద్ద నాయకుల లావాదేవీలు అక్కడే జరిగేవి. క్లైవ్, అప్పటి నాయకులు హెన్రీ ఫాక్స్, శాండ్‌విచ్ ప్రభువు నడిపిన వర్గం మనిషి, ఎదుటి అభ్యర్థులు న్యూకాసిల్ డ్యూక్ వర్గం. గెలిచాడు. కాని ఎన్నిక చెల్లదన్న పిటిషన్ సభ ముందుకు వెళ్ళింది. ఆ రోజుల్లో ఎన్నికల తగాదాలను న్యాయస్థానం తీర్చేది కాదు, సభలో ఓట్లు తీర్చేవి. క్లైవ్ గెలిచాడా లేదా అన్నది మిచెల్‌లో పడిన ఓట్లతో తేలలేదు, ఫాక్స్ పెద్దవాడా న్యూకాసిల్ పెద్దవాడా అన్నదానితో తేలింది. 1755 మార్చిలో స్థానం పోయింది, దానికి పెట్టిన సొమ్మూ పోయింది. అదే సంవత్సరం క్లైవ్ కంపెనీ కొలువులో తిరిగి ఓడెక్కాడు. తరువాత ప్లాసీ మీకు తెలుసు. 1758లో విజయనగరం ఆనందరాజు కబురు అందుకొని ఫ్రెంచివాళ్ళ మీదికి కర్నల్ ఫోర్డ్‌ను ఉత్తర సర్కారులకు పంపింది ఈ క్లైవే. ఆ డిసెంబరులో గొల్లప్రోలు దగ్గరి చందుర్తి యుద్ధం, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పతనం. కార్న్‌వాల్‌లో ఒక పల్లె ఎన్నికను రద్దు చేయించిన పార్లమెంటు ముఠా తగాదా లేకపోతే ఇదంతా జరిగేది కాదని నేను అనను. అలా అనడం చరిత్రకారుడి పని కాదు. కాని ఈ మనిషి రెండోసారి ఎందుకు ఓడెక్కాడో ఉపన్యాసాల చరిత్ర మీకు చెప్పదు, నేమియర్ పద్ధతి చెబుతుంది.

1760లో క్లైవ్ బెంగాలు సంపదతో తిరిగివచ్చి, 1761లో సొంత జిల్లా ష్రాప్‌షైర్‌లోని ష్రూస్‌బరీ నుంచి సభ్యుడై, చనిపోయేదాకా ఆ స్థానంలోనే ఉన్నాడు. అప్పటికి తండ్రి కూడా సభలో ఉన్నాడు. ఆ జిల్లా రాజకీయాలను పావిస్ ప్రభువు వర్గం చుట్టూ తిప్పి నేమియర్ రాసిన అధ్యాయం, కొత్త డబ్బు పాత కుటుంబాలలోకి ఎలా ప్రవేశిస్తుందో, ఎవరు తలుపు తీస్తారో, ఎంత వసూలు చేస్తారో చూపిస్తుంది. మీరు ఆ అధ్యాయం చదివాక మన జిల్లా బోర్డు ఎన్నికల కాగితాలు చదివితే ఒక్కసారిగా కళ్ళు తెరుచుకుంటాయి.

ఇంకొక పేరు చెప్పి ముందుకు వెళతాను. థామస్ రంబోల్డ్ 1778 నుంచి 1780 వరకు మద్రాసు గవర్నరు. ఉత్తర సర్కారుల ఆదాయం విచారించడానికి ఏర్పాటైన కమిటీ ఆఫ్ సర్క్యూట్‌ను ఆయన రద్దు చేసి, జమీందారులను సుదూరంలోని మద్రాసుకు రమ్మన్నారు. ఆ వ్యవహారంలో లంచాలు పుచ్చుకున్నారన్న ఆరోపణల మీద 1782లో కామన్స్ సభలో శిక్షాబిల్లు, అంటే పార్లమెంటే చట్టం చేసి శిక్ష వేసే బిల్లు, వచ్చింది, మరుసటి సంవత్సరం అది ఎటూ తేలకుండా జారిపోయింది. అదే మనిషి 1774లో షాఫ్ట్స్‌బరీ ఎన్నికలో, తోలుబొమ్మ వేషం వేసుకున్న ఒకడు తలుపు కంతలోంచి ఓటర్లకు గినీల, అంటే బంగారు నాణేల, పొట్లాలు అందించాడన్న ప్రసిద్ధమైన లంచాల తగాదాలో అభ్యర్థి. శ్రీకాకుళం నుంచి గుంటూరు వరకు ఉన్న జమీందారుల శిస్తు గురించి చదివేవారు ఈ షాఫ్ట్స్‌బరీ తలుపు కంతను కూడా చూడాలి. రెండూ ఒకే లెక్కపుస్తకంలోని రెండు పుటలు. ఈ ముడిని మొదట గట్టిగా పట్టుకున్న చరిత్రకారిణి లూసీ సదర్లాండ్. ఈస్టిండియా కంపెనీ పద్దెనిమిదో శతాబ్దపు రాజకీయాలలో ఎలా మెలిగిందో చూపే ఆమె గ్రంథం 1952లో వచ్చింది, అది నేమియర్ తవ్విన బావిలోని నీరే.

1931లో నేమియర్ మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆధునిక చరిత్ర ఆచార్యులయ్యారు, 1953 వరకు అక్కడే ఉన్నారు. ఆక్స్‌ఫర్డ్ ఆయనను ఉపన్యాసాలకు పిలిచింది గాని ఆచార్యపీఠం మాత్రం ఇవ్వలేదు. అది ఆయనకు జీవితాంతం మిగిలిన బాధ. అంతకుముందు 1929 నుంచి రెండేళ్ళు లండన్‌లోని యూదు ఏజెన్సీకి రాజకీయ కార్యదర్శిగా ఉన్నారు. పాలస్తీనాలో యూదులకు సొంత గడ్డ కావాలన్న జియోనిస్టు ఉద్యమ నాయకుడు హైమ్ వైజ్‌మన్‌కు దగ్గరి అనుచరుడిగా, హిట్లర్ కాలంలో యూదు శరణార్థుల కోసం తన సమయం, ఆరోగ్యం ధారపోశారు. 1947లో ఆంగ్లికన్ చర్చిలో చేరి, రష్యా జైళ్ళు చూసి వచ్చిన జూలియా ద బోసోబ్రను పెళ్ళాడడంతో వైజ్‌మన్ ఆయనతో మాటలు మానేశారు. 1952లో సర్ బిరుదు వచ్చింది. ఈ మధ్యకాలంలో ఆయన రాసినవి చాలావరకు ఐరోపా దౌత్యం మీద, 1848 విప్లవాల మీద. ఆ 1848 వ్యాసంలో జర్మనీ ఉదారవాదులు స్వాతంత్ర్యం గురించి మాట్లాడుతూనే పోలిష్ నేల మీద ఎలా కన్నేశారో చూపి, ఆ మేధావుల విప్లవమే తరువాతి జర్మన్ దురాక్రమణకు విత్తనమని వాదించారు.

ఇక్కడ మీరు ఆగి ఆలోచించాలి. ఒక జాతి తన నేల గురించి కన్న కలను నమ్మి, దానికోసం స్నేహాలు, ఉద్యోగావకాశాలు, నిద్ర పోగొట్టుకున్న మనిషి ఈయన. భావాలు మనుషులను ఎంత దూరం తీసుకుపోగలవో ఆయనకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఆ తరం చరిత్రకారులలో కొద్దిమందే. అలాంటివాడే పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషువాళ్ళ దగ్గరకు వచ్చేసరికి, వాళ్ళు చెప్పే సిద్ధాంతాలను అసలు కోరికల మీద కప్పిన దుప్పటిగా తీసిపారేశారు. ఇది ఎందుకు? భావాలు మధ్య ఐరోపాను తగలబెట్టడం ఆయన కళ్ళారా చూశారు. ఇంగ్లండు వాటినుంచి తప్పించుకుందనీ, బంధుత్వం, భూమి, అలవాటు అనే బరువైన లంగరు ఉండడం వల్లే అది నిలిచిందనీ నమ్మాలని ఆయనకు ఉండేది. ఆ నమ్మకమే ఆయన చూపును పదును చేసింది, అదే ఆయన చెవిని కొంత మూసింది. నేను ఆయనను దూరం పెట్టిన కాలంలో ఈ రెండో సగాన్నే చూశాను. అది నా పొరపాటు.

చివరి దశాబ్దం పార్లమెంటు చరిత్ర అనే మహా సంకలనానికి అంకితం. పార్లమెంటు సభ్యుడు జోసయా వెడ్జ్‌వుడ్ 1920ల చివర మొదలుపెట్టి ముందుకు నడపలేకపోయిన ఆ పనికి 1951లో ప్రభుత్వ నిధులు రాగా, 1754 నుంచి 1790 వరకు ఉన్న భాగాన్ని నేమియర్ తీసుకున్నారు. లండన్‌లో చిన్న బృందం, బల్లల నిండా కార్డులు, 314 నియోజకవర్గాలు, దాదాపు రెండు వేల మంది సభ్యుల జీవితచిత్రణలు. ఆయన వినికిడి తగ్గిపోయింది, కుడిచేయి సరిగా పనిచేసేది కాదు, అయినా ఉదయం వచ్చి సాయంత్రం దాకా కూర్చునేవారు. 1960 ఆగస్టులో కన్నుమూశారు. సహచరుడు జాన్ బ్రూక్ పూర్తి చేయగా మూడు సంపుటాలు 1964లో అచ్చయ్యాయి. ఇవి ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు, క్లైవ్, రంబోల్డ్ ఇద్దరూ అందులో ఉన్నారు. రోజుకు ఒక జీవితచిత్రణ చొప్పున నెల రోజులు చదవండి. సిద్ధాంత గ్రంథాలు పది చదివినా రానిది దానితో వస్తుంది.

ఆయన మీద వచ్చిన విమర్శలలో మీకు అవసరమైనవి మాత్రం చెబుతాను. హెర్బర్ట్ బటర్‌ఫీల్డ్ 1957లో, నేమియర్ పద్ధతిలో రాజకీయాలకు ఉద్దేశం, లక్ష్యం అన్నవి మాయమైపోతాయని, రాజు ఏం చేయదలచాడన్నది మళ్ళీ అడగక తప్పదని రాశారు. మాంచెస్టర్‌లో ఆయన సహోద్యోగిగా ఉన్న ఎ.జె.పి. టేలర్, నేమియర్ చరిత్రలోనుంచి బుద్ధిని తీసేశారన్న మాటను ప్రచారం చేశారు. ఆక్స్‌ఫర్డ్ రీజియస్ పీఠం, అంటే రాజముద్రతో నియమించే చరిత్ర ఆచార్యపదవి, 1957లో టేలర్‌కు దక్కకపోవడంలో నేమియర్ చేయి ఉందని టేలర్ నమ్మడంతో వాళ్ళ స్నేహం తెగిపోయింది. తరువాతి తరంలో జాన్ బ్రూవర్ 1976లో, పార్లమెంటు వెలుపలి కరపత్రాలు, క్లబ్బులు, ప్రభుత్వాన్ని ఎదిరించిన జాన్ విల్క్స్ అనే సభ్యుడి వెంట నడిచిన జనసమూహాలు ఆ కాలపు రాజకీయాలను ఎలా కదిలించాయో చూపారు. లిండా కాలీ 1982లో టోరీ పార్టీ 1714 తరువాత కూడా నిజంగా బతికే ఉందని నిరూపించారు, నేమియర్ మీద చిన్న మంచి పుస్తకమూ రాశారు. అన్నిటికంటే మీకు ముఖ్యమైన హెచ్చరిక రాబర్ట్ వాల్కాట్ అనుభవం. నేమియర్ 1761కి వాడిన కొలబద్దను ఆయన యథాతథంగా ఆన్ రాణి కాలానికి, అంటే అరవై ఏళ్ళు వెనక్కు తీసుకెళ్ళి, అక్కడా పార్టీలు లేవు, బంధువర్గాలే ఉన్నాయన్నారు. జెఫ్రీ హోమ్స్ 1967లో ఓటింగు జాబితాలు తెరిచి, ఆన్ కాలంలో విగ్‌లు, టోరీలు నిజమైన పార్టీలుగా, మతం మీద, యుద్ధం మీద నిజమైన విభేదాలతో పోట్లాడారని తేల్చారు. ఒక కాలానికి సరిపోయిన పనిముట్టు ఇంకో కాలంలో విరిగిపోయింది.

మీ ఆచార్యులు మొహం చిట్లించిన కారణం ఇక్కడికి దగ్గరలోనే ఉంది. 1960ల చివర నుంచి కేంబ్రిడ్జిలో అనిల్ సీల్, జాన్ గాలహర్ చుట్టూ చేరిన పరిశోధకులు భారత జాతీయోద్యమాన్ని పదవుల కోసం, ప్రాపకం కోసం జరిగిన స్థానిక పోటీగా చదివారు. మీరు తప్పక చదవవలసిన డేవిడ్ వాష్‌బ్రూక్, క్రిస్టఫర్ బేకర్ గ్రంథాలు, మద్రాసు రాష్ట్రం మీద 1976లో వచ్చినవి, ఆ బడికి చెందినవే. వాటిలో మన జమీందారులు, జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, దేవాలయ కమిటీలు, ఆలయ నిధులు ఎంత సూక్ష్మంగా వచ్చాయో చూస్తే గౌరవం కలుగుతుంది. దీనిమీద అందరికంటే ఘాటుగా మాట్లాడింది సర్వేపల్లి గోపాల్. ఆయన కూడా ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, వైస్రాయిలు రిపన్ మీద, ఇర్విన్ మీద, 1858 నుంచి 1905 వరకు భారతదేశంలో బ్రిటిష్ విధానం మీద రాసిన చరిత్రకారుడు, బ్రిటిష్ పత్రాలు ఆయనకు కొట్టిన పిండి. రాజకీయాల్లోంచి బుద్ధిని తీసేశారని నేమియర్‌ను నిందించారు కదా, వీళ్ళు ఇంకో అడుగు వేసి జాతీయోద్యమంలోంచి మర్యాద, శీలం, నిస్వార్థం కూడా తీసేశారన్నది 1970లలో ఆయన రాసిన మాటల సారాంశం. నేను ఆ విమర్శతో ఏకీభవిస్తాను, కాని వాష్‌బ్రూక్, బేకర్ పోగుచేసిన వివరాలను పారేయకూడదని కూడా అంటాను.

ఇప్పుడు మీ అంశానికి వస్తాను. మద్రాసు శాసనమండలి కథలో నేమియర్ పద్ధతి అద్భుతంగా పనిచేసే ఘట్టం ఒకటి, పనిచేయని ఘట్టం ఒకటి, రెండూ అయిదారేళ్ళ తేడాలో ఉన్నాయి. 1930లో మునుస్వామి నాయుడు జస్టిస్ పార్టీ ముఖ్యమంత్రి అయ్యారు, 1932లో జమీందారుల వర్గం ఆయనను దింపి బొబ్బిలి రాజాను ఎక్కించింది. ఈ మార్పులో సిద్ధాంతం వెతికితే దొరకదు. ఏ జమీందారు ఎవరికి వియ్యంకుడు, ఎవరి శిస్తు బకాయి ఎక్కడ చిక్కుకుంది, ఏ సభ్యుడికి ఏ జిల్లా బోర్డు అధ్యక్షపదవి కావాలి, అన్నవి పట్టుకుంటే కథ దానంతట అదే విప్పుకుంటుంది. ఇక 1937కు రండి. అదే బొబ్బిలి రాజా, అప్పటి ముఖ్యమంత్రిగా, తన సొంత గడ్డ మీద, పేరు, భూమి, నౌకర్లు, బంధువర్గం అన్నీ ఉండి, వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. మొత్తం రాష్ట్రంలో 215 స్థానాల్లో కాంగ్రెసుకు 159 వచ్చాయి. దీన్ని బంధుత్వ పట్టికలతో వివరించబోతే వాల్కాట్ పడిన గోతిలోనే పడతారు. 1935 చట్టంతో ఓటు హక్కు విస్తరించింది, ఎన్.జి. రంగా వంటివారి జమీందారీ రైతు ఉద్యమం ఊళ్ళలోకి వెళ్ళింది, ఉప్పు సత్యాగ్రహం నాటి జైళ్ళు జనం మనసులో ఉన్నాయి. ఆ ఓటరు రాజావారి మనిషిగా పోలింగు కేంద్రానికి వెళ్ళలేదు, ఒక మాట నమ్మి వెళ్ళాడు.

కనుక నా సలహా ఇది. మొదటి ఆరు నెలలు నేమియర్ శిష్యుడిలా పనిచేయండి. ప్రతి సభ్యుడికీ ఒక కార్డు రాయండి: పుట్టిన ఊరు, తండ్రి, తల్లి పుట్టింటివారు, చదువు, భార్య ఇంటిపేరు, మామగారి వృత్తి, భూమి ఎంత, ఏ బోర్డులో ఎప్పుడు, ఎవరి మీద గెలిచారు, సభలో ఏ ప్రశ్నలు అడిగారు, ఏ ఓటింగులో ఎటు నిలిచారు. ఇంగ్లండులో వంశవృక్షాలు అచ్చులో దొరుకుతాయి, మనకు ఇంటిపేర్లు, పెళ్ళి శుభలేఖలు, ఎస్టేటు రికార్డులు, ఊళ్ళోని పెద్దవాళ్ళ జ్ఞాపకాలు దొరుకుతాయి. అవి తరుగుతున్నాయి కనుక వాటికే ముందు వెళ్ళండి. మండలి చర్చల సంపుటాలు, చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్ ఎక్కడికీ పోవు. తరువాతి ఆరు నెలలు నేమియర్‌ను పక్కన పెట్టి కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక పాత సంచికలు తేదీలవారీగా చదవండి, ఆ సభ్యుల గురించి ఊరివాళ్ళు రాసిన ఉత్తరాలు, పాటలు, సభల నివేదికలు అదే కార్డు వెనక వైపు రాయండి. కార్డు ముందు వైపు చెప్పేదానికీ వెనక వైపు చెప్పేదానికీ పొసగని చోట గుర్తు పెట్టుకోండి. మీ సిద్ధాంత గ్రంథం ఆ గుర్తుల దగ్గర మొదలవ్వాలి.

నేమియర్ జీవితం పూర్తిగా కావాలంటే డి.డబ్ల్యు. హేటన్ రాసిన జీవిత చరిత్ర 2019లో వచ్చింది, ముందు అది చదవండి. 1929 గ్రంథంలో మాత్రం ఎందుకు పార్లమెంటుకు వచ్చారన్న తొలి అధ్యాయం, రహస్య నిధి అధ్యాయం, ష్రాప్‌షైర్ అధ్యాయం, ఈ మూడూ ఈ నెలలోనే పూర్తి చేయండి. బొబ్బిలి కార్డు రాయడం మొదలుపెట్టాక ఎక్కడైనా చిక్కుపడితే ఆ కార్డు రెండు వైపులా యథాతథంగా ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.